వెన్నుపూస స్క్రూలు: నిర్మాణం, సరళీకరణ – గుంటూరు, ప్రకాశం మైదానాల నేపథ్యం

వెన్నుపూస వెనుక వైపు నుంచి ముందున్న దిమ్మెలోకి ఎముక లోపలి దారిన బిగించే లోహపు మరమేకును పెడికల్ స్క్రూ అంటారు. వరుసగా ఉన్న వెన్నుపూసల్లో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి వేసి, వాటి తలలను రెండు నిలువు కడ్డీలతో కలిపి బిగిస్తే విరిగిన వెన్ను, జారిన వెన్ను, క్షయ తిన్న వెన్ను కదలకుండా నిలబడుతుంది. గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల ఊళ్లలో దీన్ని 'నడుముకు రాడ్లు వేశారు' అంటారు. స్క్రూ ఊసు ఎవరూ ఎత్తరు. కానీ రాడ్డును ఎముకకు పట్టి ఉంచేది స్క్రూయే. గత అరవై ఏళ్లలో ఎక్కువ మార్పులు జరిగిందీ, ఎక్కువ చిక్కులు వచ్చి చేరిందీ దాని తలలోనే.

పెడికల్ అనే మాటకు లాటిన్‌లో మూలార్థం చిన్న పాదం. కాయను కొమ్మకు కలిపే తొడిమకు వృక్షశాస్త్రజ్ఞులు పెట్టుకున్న పేరూ ఆ మాట నుంచి వచ్చిందే. మిరపకాయ చేతిలో పట్టుకున్నవాడికి వెన్నుపూస అమరిక చెప్పడం తేలిక: ముందున్న గుండ్రటి దిమ్మె కాయ అనుకుంటే, దాన్ని వెనుకనున్న ఎముక కమానుకు కలిపే పొట్టి కాడలు రెండు తొడిమలు. ఆ రెండు తొడిమల మధ్య నుంచే వెన్నుపాము దిగుతుంది. స్క్రూ తొడిమ గుండా పోవాలి. లోపలి వైపు రెండు మిల్లీమీటర్లు తప్పితే నరం, బయటి వైపు తప్పితే పట్టు పోతుంది. ఛాతీ నడిమి భాగంలో ఈ కాడ వెడల్పు నాలుగైదు మిల్లీమీటర్లే ఉండవచ్చు. నడుము అడుగున ఐదో పూస దగ్గర అది పదిహేను దాటుతుంది. భారతీయుల ఛాతీ పూసల కాడలు పాశ్చాత్యుల కొలతల కంటే సన్నమని మన దేశంలో జరిగిన కొలతల అధ్యయనాలు చెబుతున్నాయి. దిగుమతి స్క్రూల పెట్టెలో సన్న సైజులు తక్కువగా వచ్చినప్పుడు ఇక్కడి సర్జన్లకు ఎదురైన మొదటి ఇబ్బంది ఇదే.

ఏ వెన్ను, ఏ దెబ్బ

నల్లరేగడి నేలల్లో వెన్ను విరగడానికి పెద్ద వింత కారణాలు అక్కర్లేదు. తాటిచెట్టు మీద నుంచి జారిన గీత కార్మికుడు, డాబా పిట్టగోడ మీద నుంచి పడ్డ మేస్త్రీ, మిరప కోతకు కూలీలను కుక్కుకుని పోతూ బోల్తా పడ్డ ఆటో, చీమకుర్తి గ్రానైటు క్వారీలో కాలు జారిన పనివాడు – దెబ్బ రకరకాలుగా తగిలినా విరిగే చోటు చాలామందిలో ఒక్కటే. ఛాతీ పన్నెండో పూస, నడుము మొదటి పూస కలిసే చోటు. పైన పక్కటెముకల గూడు వెన్నును కదలనివ్వదు, కింద నడుము స్వేచ్ఛగా వంగుతుంది. పాతిన గెడ నేల మట్టానికి దగ్గర విరిగినట్టు, బిగువు అయిపోయి వదులు మొదలయ్యే చోట పూస నలుగుతుంది.

మిర్చి యార్డులో నలభై కిలోల పైచిలుకు టిక్కీలు మోసే హమాలీలకు, వంగి పత్తి తీసే ఆడవాళ్లకు వచ్చే నడుము నొప్పి వేరు. అది చాలావరకు కండరాలది, డిస్కుది. అందులో ఎక్కువ భాగం మందులతో, వ్యాయామంతో, కాలంతో తగ్గేదే. స్క్రూల అవసరం కొద్దిమందికే. ఈ ముక్క ముందే చెప్పుకోవాలి, ఎందుకంటే స్క్రూ తయారీ ఎంత తేలికైతే అవసరం లేనిచోట వాడకం అంత పెరగవచ్చు.

వెన్ను క్షయ సంగతీ అంతే. 1779లో పెర్సివల్ పాట్ వర్ణించిన ఈ జబ్బుకు మన దేశంలో దారి చూపినవాళ్లలో బనారస్ హిందూ విశ్వవిద్యాలయానికి చెందిన ఎస్.ఎం. తులి ముఖ్యుడు. 1975లో ప్రచురించిన 'మధ్యేమార్గం'లో ఆయన అందరికీ మందులు, కొందరికే కత్తి అన్నాడు. మద్రాసులో జరిగిన పరీక్షలు కూడా రోగిని నెలల తరబడి మంచానికి కట్టేయకుండా మందులతో నయం చేయవచ్చని తేల్చాయి. పూస కూలి గూని పెరుగుతున్నవాళ్లకు, నరం నొక్కుకుపోతున్నవాళ్లకు మాత్రం స్క్రూలూ రాడ్లూ వేయాల్సి వస్తుంది. ఇన్ఫెక్షన్ ఉన్నచోట లోహం పెట్టడం తప్పు కదా అన్న భయం ఒకప్పుడు గట్టిగా ఉండేది. క్షయ క్రిమి లోహం మీద పొరగా పేరుకోవడం తక్కువని తెలిశాక ఆ భయం సడలింది.

కాలివేళ్లు కదలనివాడికి స్క్రూలు వేస్తే కాళ్లు వస్తాయా అన్నది ఆస్పత్రి వరండాలో ప్రతి కుటుంబమూ అడిగే ప్రశ్న. స్క్రూ ఎముకను నిలబెడుతుంది, నరాన్ని మొలిపించలేదు. ఎముక నిలిస్తే రోగిని త్వరగా కూర్చోబెట్టవచ్చు, పక్కకు తిప్పవచ్చు, పుండ్లు పడకుండా కాపాడవచ్చు. ఆ తరువాతి పని పునరావాసానిది. 1954లో రోడ్డు ప్రమాదంలో తానే నడుము కింద చచ్చుబడిన డాక్టర్ మేరీ వర్గీస్ పేరు మీద వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలలో నడుస్తున్న సంస్థకు తెలుగు జిల్లాల నుంచి రోగులు వెళ్తుంటారు.

కడ్డీ నుంచి స్క్రూ దాకా

హ్యూస్టన్‌లో పాల్ హారింగ్టన్ పోలియో వచ్చి వెన్ను వంకరపోయిన పిల్లల కోసం కడ్డీ, కొక్కేలు తయారుచేసి 1962లో ఫలితాలు ప్రకటించాడు. కొక్కెం పైన ఒకటి, కింద ఒకటి. మధ్యలో జాకీలా ఎత్తే కడ్డీ. పట్టు రెండు చివర్లే కాబట్టి ఆపరేషన్ తరువాత నెలల తరబడి ఒంటికి పిండికట్టు తప్పేది కాదు.

దాన్ని వదిలించుకోవాలన్న పట్టుదల పుట్టింది మెక్సికోలో. ఎడ్వర్డో లూకే దగ్గరికి వచ్చే రోగులు పేదలు, దూరాభారం నుంచి వచ్చేవాళ్లు, ఉక్కపోత ఊళ్లవాళ్లు. కట్టు మార్పించుకోవడానికి మళ్లీ రాలేరు. ఆయన 1970లలో ప్రతి పూస కమాను కింది నుంచీ తీగ దూర్చి, నున్నటి కడ్డీకి మెలిపెట్టి బిగించాడు. పట్టు రెండుచోట్ల బదులు పదిచోట్ల వచ్చింది, కట్టు అవసరం పోయింది. వేసవిలో రాష్ట్రంలోనే అత్యధిక ఉష్ణోగ్రతలకు పేరుపడ్డ రెంటచింతలలో ఛాతీ నుంచి తుంటి దాకా పిండికట్టుతో మే నెల గడపడం ఊహిస్తే లూకే పట్టుదల మనకు వెంటనే అర్థమవుతుంది. ఇంగ్లండులో జాన్ డోవ్ అలాంటి రెండు కడ్డీలను కలిపి దీర్ఘచతురస్రపు చట్రం చేశాడు. హార్ట్‌షిల్ చట్రం అనే ఆ సాధనాన్ని 1980లు, 90లలో భారతదేశపు ప్రభుత్వ ఆస్పత్రుల్లో విరివిగా వాడారు. చట్రం ఒకటి, తీగల చుట్ట ఒకటి, మెలిపెట్టే పటకారు ఒకటి. అంతకన్నా తేలిక పరికరం వెన్ను శస్త్రచికిత్సలో మళ్లీ రాలేదనే చెప్పాలి. అయితే తీగ వెన్నుపామును ఆనుకుని దూరాలి. పరికరంలో తగ్గిన చిక్కు సర్జన్ వేళ్ల మీదికి చేరింది.

స్క్రూ దారి వేరు. ప్యారిస్‌లో రేమండ్ రాయ్-కమిల్ 1963లో కాడ గుండా స్క్రూ దింపి, రంధ్రాలున్న ప్లేటుతో కలిపాడు. ప్లేటు రంధ్రాలు ఉన్నచోటే స్క్రూ పడాలి. రోగి వెన్ను ప్లేటు కొలతకు తయారై ఉండదు. 1980లలో క్లీవ్‌లాండ్‌లో ఆర్థర్ స్టెఫీ రంధ్రం బదులు పొడుగాటి గాడి పెట్టాడు. స్విట్జర్లాండ్‌లో వాల్టర్ డిక్ అప్పటిదాకా ఒంటి బయట బిగించే చట్రాన్ని చర్మం కిందికి తెచ్చాడు. 1984 ప్రాంతంలో ఫ్రాన్సులో కోట్రెల్, దుబూసే కడ్డీని తిప్పి వంకరను మూడు దిక్కుల్లోనూ సరిచేశారు. జర్మనీలో లుట్స్ బీడర్‌మాన్, యూర్గెన్ హార్మ్స్ కలిసి రూపొందించిన స్క్రూలో తల బంతి కీలులా అటూ ఇటూ తిరిగింది. దీన్ని పాలీయాక్సియల్ స్క్రూ అంటారు. ఇప్పుడు ఆపరేషన్ థియేటర్లో స్క్రూ అంటే చాలావరకు ఇదే.

మర లోపలి లెక్క

మామూలు మనిషికి స్క్రూ అంటే లావు, పొడుగు. ఇంజనీరుకు రెండు లావులుంటాయి: మర అంచు దాకా బయటి వ్యాసం, మర గాడి అడుగున లోపలి కాండం. ఎముకలో పట్టుకు బయటి వ్యాసం ముఖ్యం. విరగకుండా ఉండటానికి లోపలి కాండం ముఖ్యం. వంగే బలానికి తట్టుకునే శక్తి లోపలి వ్యాసం ఘనంతో పెరుగుతుంది. నాలుగు మిల్లీమీటర్ల కాండాన్ని ఐదు చేస్తే లావు పెరిగింది పాతిక శాతమే, బలం మాత్రం దాదాపు రెట్టింపు: నాలుగు ఘనం 64, ఐదు ఘనం 125. కానీ కాడ వెడల్పు బయటి వ్యాసాన్ని కట్టేసినప్పుడు, కాండం లావైనకొద్దీ మర లోతు తగ్గి పట్టు సడలుతుంది. స్క్రూ రూపకల్పన మొత్తం ఈ బేరం చుట్టూనే తిరుగుతుంది.

బేరానికి ఒక మధ్యస్థం దొరికింది. బయటి వ్యాసం ఆసాంతం సమానంగా ఉంచి, లోపలి కాండాన్ని తల దగ్గర లావుగా, కొస దగ్గర సన్నగా చేయడం. విరిగే ప్రమాదం ఎక్కువగా ఉన్నది తలకూ కాండానికీ కలయిక దగ్గర కాబట్టి అక్కడ లోహం పెరిగింది. కొస వైపు గుల్ల ఎముకలో లోతైన మర దిగింది. పట్టులో సగానికి పైగా వచ్చేది దిమ్మెలోని గుల్ల ఎముక నుంచి కాదు, కాడ గోడల నుంచి. పొడుగాటి స్క్రూ వేస్తేనే గట్టి అనుకోవడం అందుకే సగం నిజం. శంకు ఆకారపు కాండానికి ఒక దోషం ఉంది: బిగించాక సరిచేద్దామని అర చుట్టు వెనక్కి తిప్పితే పట్టు జారుతుంది. సమాన కాండం ఆ తప్పును కొంత క్షమిస్తుంది.

మరను జంటగా చెక్కడం మరో సరళీకరణ. ఒకే సుడి బదులు రెండు సుడులు పక్కపక్కన నడిస్తే ఒక్క చుట్టుకు స్క్రూ రెట్టింపు దూరం దిగుతుంది. సర్జన్ మణికట్టుకు సగం శ్రమ. కొసన గాడి చెక్కితే మర తన దారి తానే కోసుకుంటుంది, ముందుగా ఎముకలో మర దారి కోసే ట్యాప్ వేసే అడుగు తగ్గుతుంది. ఇలాంటి మార్పులకు కొత్త లోహం అక్కర్లేదు, కొత్త భాగం అక్కర్లేదు. కడ్డీని జారుడు తల లేత్‌లో పెట్టి, చుట్టూ తిరిగే కత్తితో ఒక్క ఊపులో మర కోసే యంత్రం చాలు. ఈ పనిలో అందమంతా ఇక్కడే ఉందని నా అభిప్రాయం.

తల: అసలు చిక్కు అక్కడే

స్థిరమైన తల ఉన్న స్క్రూ ఒకే ముక్క. దాని తలలో ఇంగ్లీషు యు ఆకారపు గాడి, గాడిలో రాడ్డు, పైన బిగింపు మర. మొత్తం రెండు ముక్కలు. తిరిగే తల ఉన్న స్క్రూలో బంతి తలతో కాండం, దాన్ని పట్టిన గిన్నె, బంతి జారిపోకుండా వలయం, రాడ్డుకూ బంతికీ మధ్య జీను లాంటి చిన్న ముక్క, పైన బిగింపు మర ఉంటాయి. మొత్తం ఐదు. ఒక్కోదానికీ మిల్లీమీటరులో వందో వంతు తేడాల లెక్క.

ఈ ఐదింటి వల్ల వచ్చే లాభం రాడ్డును వంచే శ్రమ తగ్గడం. నాలుగు స్క్రూలు కాస్త వంకరగా పడ్డా తలలు తిరిగి రాడ్డును అందుకుంటాయి. స్థిర తల అయితే రాడ్డును ప్రతి తలకూ సరిపోయేలా వంచాలి. బలవంతాన దింపితే ఎముకలో స్క్రూ ఊడివస్తుంది. టైటానియం రాడ్డును వంచి, సరిపోక మళ్లీ వెనక్కి వంచితే గాటు పడ్డచోట దాని ఆయువు తగ్గుతుంది. అందువల్ల ముక్కలు తక్కువైనంత మాత్రాన స్థిర తల సరళమైనది అనలేం. ముక్కలు లెక్కపెట్టాల్సింది గీతల కాగితం మీద కాదు, రాత్రి పదకొండు గంటలకు ఒక్క సహాయకుడితో ఆపరేషన్ చేస్తున్న సర్జన్ బల్ల మీద.

మరోవైపు, విరిగిన పూసను ఎత్తి నిలబెట్టాల్సిన చోట తిరిగే తల బలహీనం. మితిమీరిన బరువు పడితే ముందు జారేది బంతి కీలే. కాండం విరగకుండా అది ఒక రకంగా కాపాడుతుంది, కానీ సరిచేసిన గూని కొంత వెనక్కి వస్తుంది. తాటిచెట్టు మీద నుంచి పడ్డవాడి పన్నెండో పూసకు స్థిర తలే మేలనే సర్జన్లు అందుకే ఉన్నారు. ఒకే తలంలో మాత్రం తిరిగే నడిమి రకమూ ఉంది. అన్నీ ఉంచుకుందామంటే పెట్టె పెరుగుతుంది.

నిజంగా సరళమైన మార్పు జరిగింది బిగింపు మరలో. మామూలు వి ఆకారపు మరను గట్టిగా బిగిస్తే అది గిన్నె గోడలను బయటికి తోస్తుంది. జిన్నింగు మిల్లు ఫిట్టరుకు ఇది కొత్త విషయం కాదు. గోడలు విచ్చుకుంటే 'మర పోయింది' అంటాడు. మాస్ మయామి అనే తొలి తరం స్క్రూలో ఈ విచ్చుకోవడాన్ని ఆపడానికి లోపల ఒక మర, బయటి నుంచి ఒక నట్టు వాడారు. మన దేశంలో తయారయ్యే చాలా స్క్రూలను థియేటర్లో నేటికీ ఆ పేరుతోనే పిలుస్తుంటారు. తరువాతివాళ్లు మర ముఖాన్ని చదరంగానో, గోడలను లోపలికి లాగేలా ఎదురు వాలుగానో కోశారు. నట్టు అవసరం పోయింది. ఒక ముక్క తగ్గింది, ఒక పానా తగ్గింది, తల ఎత్తు తగ్గింది, వీపు బక్కగా ఉన్నవాళ్లకు చర్మం కింద గుచ్చుకోవడం తగ్గింది. మర అడ్డంగా ఎక్కడం కూడా తగ్గింది. చివరి బిగింపు పది పన్నెండు న్యూటన్ మీటర్ల దగ్గర 'టక్'మని ఆగే పానాతో చేస్తారు కనుక చేతి అంచనా మీద ఆధారపడాల్సిన పని లేదు.

పెట్టె

ఒక లెక్క వేద్దాం. వ్యాసాలు 4.5, 5.5, 6.5, 7.5 మిల్లీమీటర్లు, పొడవులు 30 నుంచి 55 దాకా ఐదేసి తేడాతో ఆరు. అవి 24 రకాలు. స్థిర తల, తిరిగే తల, రెక్కలు పొడుగ్గా ఉండి తరువాత విరిచేసే తల – మూడు రకాలు కలిపితే 72. ఒక్కోటి నాలుగు చొప్పున ఉంచితే 288 స్క్రూలు. ఒక ఆపరేషన్‌లో రోగి ఒంట్లోకి పోయేవి నాలుగో, ఆరో. మిగతావన్నీ ఆవిరిలో ఉడికి, బల్ల మీద గాలి తగిలి, మళ్లీ కడిగి, మళ్లీ ఉడికి ఇంకో రోగి దగ్గరికి ప్రయాణం కడతాయి. ఐదు ముక్కల తలలో సందులెక్కువ. సందుల్లో సబ్బు మరకా, రక్తపు చారికా మిగిలే వీలెక్కువ.

జిల్లా స్థాయి ఆస్పత్రులకు ఈ సెట్లు తరచు సొంతం కావు. ఆపరేషన్ ముందు పంపిణీదారు నుంచి వస్తాయి, తరువాత వెళ్లిపోతాయి. కావలసిన సైజు లేకపోవడం, స్క్రూడ్రైవరు కొస అరిగిపోవడం, రాడ్డు వంచే పరికరం వేరే సెట్టులో ఉండిపోవడం – ఆలస్యానికి కారణాలు స్క్రూ నిర్మాణంలో కన్నా ఇక్కడే ఎక్కువ. అందువల్ల ఇటీవలి ఆలోచన రెండు దారుల్లో నడుస్తోంది. ఒకటి, నాలుగైదు సైజులకే పరిమితమైన చిన్న సెట్టు. రెండోది, ఒక్కో స్క్రూను విడిగా క్రిమిరహితంగా ప్యాక్ చేసి, వాడేదే విప్పడం. ఎన్ని సైజులు చాలన్నదానికి ఆస్పత్రి తన పాత ఆపరేషన్ల రిజిస్టరు తిరగేస్తే జవాబు దొరుకుతుంది. వెన్ను విరుగుళ్లు ఎక్కువగా ఒకేచోట జరిగే ప్రాంతంలో ఆ జవాబు పొట్టిగానే ఉంటుంది.

ఎన్ని స్క్రూలు అన్నదీ సరళీకరణే. విరిగిన పూసకు పైన రెండు, కింద రెండు పూసలు పట్టుకోవడం పాత పద్ధతి: ఎనిమిది స్క్రూలు. పైన ఒకటి, కింద ఒకటి పట్టుకుంటే నాలుగు చాలు, కానీ కొందరిలో గూని తిరిగి వచ్చేది. విరిగిన పూసలోనే కాడ బాగుంటే పొట్టి స్క్రూలు రెండు వేస్తే పట్టు మెరుగవుతుందని తేలింది. ఆరు స్క్రూలు, మూడు పూసలు. రోగికి నడుములో మిగిలే వంపు ఎక్కువ, బిల్లు తక్కువ.

వేరే చోట్ల ఈ సరళీకరణ పట్టుదల ఫలించిన ఉదాహరణలున్నాయి. అమెరికాలో లూయిస్ జిర్కిల్ 1999లో స్థాపించిన సైన్ సంస్థ తొడ ఎముకలో దూర్చే కడ్డీని థియేటర్లో ఎక్స్‌రే యంత్రం లేకుండానే బిగించేలా రూపొందించి పేద దేశాలకు పంపుతోంది. మనకు దగ్గరలో అయితే హైదరాబాద్ నిమ్స్‌లో పోలియో పిల్లలు ఈడ్చుకునే మూడు కిలోల పైచిలుకు కాలిపట్టీలను చూసి, అగ్ని క్షిపణికి వాడిన మిశ్రమ పదార్థంతో మూడు నాలుగు వందల గ్రాముల పట్టీలు చేయించిన సంగతి అబ్దుల్ కలాం పలుచోట్ల చెప్పుకున్నాడు. ఆయనా, డాక్టర్ బి. సోమరాజూ కలిసి 1990లలో తెచ్చిన గుండె స్టెంటు కూడా ఆ బాటలోదే. వెన్ను స్క్రూకు అలాంటి పేరుపడ్డ కథ తెలుగు నేల మీద ఇంకా రాలేదు.

గట్టి ఎముక, గుల్ల ఎముక

ప్రకాశం జిల్లా ఈ వ్యాసంలోకి వచ్చేది తాగునీటి వల్ల. 1937లో గిండీ కింగ్ ఇన్‌స్టిట్యూట్‌కు చెందిన హెచ్.ఇ. షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లాలో ఫ్లోరైడు నీటివల్ల ఎముకలు బిగుసుకుపోయిన మనుషుల గురించి రాశారు. మనుషుల ఎముకల ఫ్లోరోసిస్ మీద భారతదేశంలో తొలి ప్రధాన నివేదికలు అవే. దర్శి, పొదిలి, కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లావే. 1970లో ఒంగోలు కేంద్రంగా ఏర్పడి, 1972లో ప్రకాశం పేరు పెట్టుకున్న జిల్లాలోకి వచ్చాయి. ఈ షార్టే తరువాత 1948లో మలేరియా క్రిమి మనిషి కాలేయంలో దాగే దశను గార్న్‌హమ్‌తో కలిసి కనిపెట్టాడు. ఫ్లోరైడు పని మాత్రం జనం గుర్తులో నిలవలేదు.

ఫ్లోరోసిస్‌లో వెన్ను మెడ నుంచి నడుము దాకా ఒకే వెదురు బొంగులా బిగుస్తుంది. స్నాయువులు ఎముకగా మారతాయి, వెన్నుపాము దిగే కాలువ ఇరుకవుతుంది, కాళ్లు పట్టేస్తాయి. ఇక్కడ శస్త్రచికిత్స అంటే ముఖ్యంగా కాలువను విశాలం చేయడం. స్క్రూ అవసరం పడినప్పుడు మాత్రం సుద్దలా తెల్లగా కనిపించే ఆ ఎముక లోపల మెత్తటి దారి దొరకదు. తన దారి తానే కోసుకునే స్క్రూ బిగుసుకుని మొరాయిస్తుంది. డ్రిల్లు, ఆపై ట్యాపు తప్పవు. మనం ఇందాక తీసేద్దామనుకున్న ట్యాపు ఇక్కడ మళ్లీ పెట్టెలోకి వస్తుంది.

అదే జిల్లాలో ముట్లుడిగి పదేళ్లు దాటిన మిరప కూలీ ఎముక గుల్ల కావచ్చు. ఆమెకు మర కోసిన దారిలో స్క్రూ బియ్యపు బస్తాలో గుచ్చిన పుల్లలా వదులుగా ఉంటుంది. అక్కడ ట్యాపు వేయకపోవడం, లేదా స్క్రూ కంటే సన్నటి ట్యాపు వేయడం, లావు స్క్రూ, కొన్నిసార్లు ఎముక సిమెంటు అవసరమవుతాయి. ఒకే సెట్టు ఈ ఇద్దరికీ పనికి రావాలి. సరళీకరణకు హద్దు ఎక్కడో ఇక్కడ తెలుస్తుంది: సైజులు తగ్గించవచ్చు, తలలు తగ్గించవచ్చు, ట్యాపును మాత్రం పెట్టెలోంచి తీయకూడదు.

లోహం ఎక్కడిది

స్క్రూలకు వాడేవి ప్రధానంగా రెండు లోహాలు: 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు, ఆరు శాతం అల్యూమినియం నాలుగు శాతం వెనేడియం కలిసిన టైటానియం. స్టీలు చవక, వంచడానికి మెత్తన. కానీ ఎమ్మారై తీస్తే చుట్టుపక్కల బొమ్మ చెడుతుంది. టైటానియం బొమ్మను తక్కువ చెడగొడుతుంది, స్టీలులో దాదాపు సగం బిరుసుతో ఎముకకు కొంత దగ్గరగా ఉంటుంది. విద్యుత్తుతో దాని ఆక్సైడు పొర మందాన్ని మారిస్తే రంగు వేయకుండానే రంగులొస్తాయి. ఏ సైజుకు ఏ రంగో చూసి నర్సు స్క్రూ అందిస్తుంది. అంకెలు చదవాల్సిన పని లేకుండా చేసిన ఈ ఏర్పాటుకు ఖర్చు నామమాత్రం.

ఆ టైటానియం దారి కొంతవరకు తెలుగు నేల గుండా పోతుంది. కేరళలో చవరలో 2011లో మొదలైన టైటానియం స్పాంజి కర్మాగారానికి పరిజ్ఞానం హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధనశాలది. స్పాంజిని కరిగించి మిశ్రమ లోహంగా మార్చే మిశ్ర ధాతు నిగమ్ 1973లో హైదరాబాద్‌లో ఏర్పడింది. విమానాలకు, అణు కేంద్రాలకు లోహాలు పోసే ఆ సంస్థ శరీరంలో అమర్చే సాధనాల స్థాయి టైటానియాన్ని కూడా తయారుచేస్తుంది. విశాఖలో 2018 డిసెంబరులో ప్రారంభమైన మెడ్‌టెక్ జోన్ వైద్య పరికరాల తయారీకీ, పరీక్షకూ ఒకేచోట వసతి కల్పించింది.

పరీక్ష, చట్టం

వెన్ను స్క్రూల అమరికను పరీక్షించే అంతర్జాతీయ ప్రమాణం ఎఫ్1717. గట్టి ప్లాస్టిక్ దిమ్మెలు రెండింటిని పూసలుగా భావించి, మధ్యలో పూస మొత్తం లేనట్టు ఖాళీ వదిలి, స్క్రూలూ రాడ్లూ బిగించి యంత్రంలో నొక్కుతారు. 50 లక్షల సార్లు నొక్కినా విరగకపోతే నెగ్గినట్టు. సెకనుకు ఐదుసార్లు చొప్పున నొక్కితే పదకొండున్నర రోజులు పడుతుంది. భాగాలు తగ్గించిన ప్రతి కొత్త నమూనా ఈ పదకొండున్నర రోజులూ గడపాల్సిందే. అయితే ప్లాస్టిక్ దిమ్మె ఎముకలా గుల్లబారదు, దానికి ఫ్లోరైడు పట్టదు. పరీక్ష నెగ్గిన స్క్రూ కనిగిరి ఎముకలో ఎలా ఉంటుందో ఆ యంత్రం చెప్పలేదు.

అమెరికాలో 1990లలో ఈ స్క్రూల మీద వేలాది దావాలు పడ్డాయి. అనుమతి ఒక ఎముకకు తెచ్చుకుని వెన్నులో వాడారన్నది ప్రధాన ఆరోపణ. 1998 జూలైలో అక్కడి ఆహార ఔషధ సంస్థ కొన్ని జబ్బులకు వీటిని మధ్యస్థాయి ప్రమాదమున్న పరికరాలుగా వర్గీకరించాక వివాదం చల్లబడింది. మన దేశంలో 2005 అక్టోబరులో ఎముక సాధనాలు ఔషధ చట్టం కిందికి వచ్చాయి. 2017 వైద్య పరికరాల నియమాలు 2018 జనవరి 1 నుంచి అమలయ్యాయి. అంతకుముందు లేత్ ఉన్న ఎవరైనా స్క్రూ చేసి అమ్మగలిగిన రోజులుండేవి. చేసే వస్తువు సరళం కావచ్చు, చేసేవాడి బాధ్యత సరళం కాకూడదన్న తేడాను ఆ రోజుల్లో ఎవరూ గట్టిగా పట్టించుకోలేదు. 2007 ఏప్రిల్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకాల్లో చికిత్సకు ఒకే మొత్తం కడతారు కాబట్టి, స్క్రూ ధర తగ్గితే ఆస్పత్రికి మిగులుతుంది, పెరిగితే ఆస్పత్రికే భారం. సరళమైన స్క్రూకు గిరాకీ పెరగడంలో ఈ లెక్కకూ భాగముంది.

లోపల ఉండిపోయాక

ఎముక అతుక్కున్నాక స్క్రూలు పని మానేస్తాయి. చాలామందికి తీయనవసరం లేదు. ఇన్ఫెక్షన్ వచ్చినా, విరిగినా, పక్క పూస అరిగి మళ్లీ ఆపరేషన్ కావలసి వచ్చినా తీయాలి. అప్పుడు బయటపడే ఇబ్బంది చిన్నది, కానీ మొండిది. ఒక్కో కంపెనీ బిగింపు మరకు తల గుంట వేరు: ఒకరిది ఆరుపలకలు, ఒకరిది పువ్వు ఆకారం, సైజులూ వేర్వేరు. రాడ్డు 5.5 మిల్లీమీటర్లా, 6 మిల్లీమీటర్లా అన్నదీ తెలియాలి. ఏ సెట్టు తెప్పించాలో తెలియకపోతే నాలుగు రకాల స్క్రూడ్రైవర్లు తెప్పించి, అవీ సరిపోక తల కోయాల్సి వస్తుంది. బిగింపు మర గుంటకు అందరూ ఒకే కొలత పెట్టుకుంటే ఈ ఇబ్బంది ఉండదు. ఆ సరళీకరణకు కొత్త పరిశోధనేమీ అక్కర్లేదు, కంపెనీలు ఒప్పుకుంటే చాలు. అది జరిగేదాకా పెట్టె మీద ఉండే చిన్న స్టిక్కరే ఆధారం. కంపెనీ పేరు, సైజు, బ్యాచి నంబరు ఉన్న ఆ స్టిక్కర్లను కేసు షీటులో ఒకటి, రోగి డిశ్చార్జి కార్డు వెనుక ఒకటి అతికించాలి. ఎక్స్‌రే ఫిల్ము పక్కన, రేషన్ కార్డు కవరులో ఆ కాగితం పదేళ్లు చెక్కుచెదరకుండా ఉంటే వినుకొండలో పడ్డ మనిషికి మంగళగిరిలోనో, హైదరాబాద్‌లోనో స్క్రూ తీసే సర్జన్ సరైన పానా ముందే తెప్పించుకోగలుగుతాడు.